చీమల వరస

మా ఊళ్లో మగవాళ్లకు గుడ్డను చూస్తే గుడ్డే కనిపిస్తుంది. ఆడవాళ్లకు మనిషి కనిపిస్తుంది. దారిన పోయే ఘాగ్రా అంచు ఒక్కటి చాలు, ఇది రబారీల పిల్ల, పెళ్లి కుదిరింది, ఇంకా కాపురానికి వెళ్లలేదు అని గుమ్మంలోంచే చెప్పేస్తారు. తోటమాలి ఇంటి కోడలికి ఒక పువ్వు, కుమ్మరి ఇంటి ఆడపడుచుకు ఒక కాయ, పిల్లల తల్లికి ఒక తీగ. మొగుడు పోయిన ఆవిడకు పువ్వూ కాయా ఏమీ ఉండవు. మట్టిరంగు నేల, అంచు పొడుగునా సన్నటి చుక్కలు. దాన్ని చీమల వరస అంటారు. ఆ వరస కనబడితే ఎదుటివాళ్లు గొంతు తగ్గించి పలకరిస్తారు, పెళ్లి కబుర్లు ఆపేస్తారు. ఈ అచ్చులన్నీ గుడ్డ మీద వేసే పని మా ఛీపాల వీధిది. జోధ్‌పూర్ వైపు పారే మా లూణీ నది నీళ్లలో ఉప్పు ఉంది గనక ఎరుపు ఇక్కడ నిలిచినట్టు ఇంకెక్కడా నిలవదు.

ఇది జరిగేనాటికి పెద్ద యుద్ధం ముగిసి పదిహేనేళ్లు దాటింది. మరొకటి వస్తుందని ఎవరికీ తెలియదు. మా వీధికి మాత్రం అప్పటికే ఒకటి నడుస్తోంది, సముద్రం అవతలి మిల్లుతో.

రబారీలు ఒంటెల్నీ గొర్రెల్నీ తోలుకుని ఏడాది పొడుగునా ఎక్కడెక్కడో తిరుగుతారు గాని, పెళ్లిళ్లన్నీ వైశాఖంలో ఆఖాతీజ్ నాడు, అంటే అక్షయ తృతీయ నాడు, ఒక్కరోజే చేస్తారు. వాళ్ల పెళ్లికూతురి ఘాగ్రా గుడ్డ అద్దేది మా వీధిలో గనీ ఇల్లు ఒక్కటే. అతని తాత నాటి నుంచీ అంతే. ఎర్ర నేల, నల్ల గీతలు, గీతల నడుమ ఐదు రేకుల పువ్వు. అచ్చు పాతదై ఒక రేకు కొస విరిగింది. కొత్తది చెక్కించాలని గనీ ఏటా అనుకునేవాడు. అనుకోవడంలో అతనికి లోటు లేదు.

కిందటేడు ధీరజ్‌లాల్ సేఠ్ అనే ఏజెంటు బొంబాయి నుంచి రైలు దిగి, మా ఇంట్లో ఆడవాళ్లకు అని చెప్పి, ఆ గుడ్డ ఒక తాను కొనుక్కుపోయాడు. అది వాళ్లింటి ఆడవాళ్లను చూసిందో లేదో గాని సముద్రం మాత్రం దాటింది. హోలీ నాటికి బేళ్లకు బేళ్లుగా తిరిగొచ్చింది. అదే ఎరుపు, అదే నలుపు, అదే పువ్వు, విరిగిన రేకుతో సహా. మా పాత అచ్చు విరిగిన చోటల్లా మిల్లు యంత్రం ఎంతో శ్రద్ధగా, వేల గజాల పొడుగునా, విరిచి పెట్టింది. ధర సగం. రబారీ ఆడవాళ్లు అటూ ఇటూ చూసి కొనేశారు. పెళ్లిళ్లయ్యాక మొదటి ఉతుకులోనే ఎరుపంతా నదిలో కలిసిపోయింది. అప్పుడు మిల్లును తిట్టారు. తిట్లతో రంగు కాగు మరగదు.

గనీ అన్న అప్పటికే అహ్మదాబాదు వెళ్లి మిల్లులో చేరాడు. అక్కడ నడుం వంచక్కర్లేదని ఉత్తరం రాయించాడు. ఈ ఆఖాతీజ్ కూడా ఇలాగే పోతే కాగు బోర్లించి మనమూ పోదామని గనీ భార్యతో చెప్పాడు. భార్య పేరు జైతూన్. నువ్వు వెళ్లు, కాగు మాత్రం నా దగ్గర వదిలి వెళ్లు అంది. అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

దసరా వెళ్లిన వారానికి ధీరజ్‌లాల్ మళ్లీ దిగాడు. అరుగు మీద కూర్చుని, రెండు గ్లాసుల చాయ్ తాగి, గనీ భుజం తట్టి, కిందటేటిది బాగా పోయింది భాయ్ అన్నాడు. ఎవరిది ఎవరికి బాగా పోయిందో గనీ అడగలేదు. ఈ ఏటి పెళ్లిళ్లకు ఏదైనా కొత్తది చూపించమన్నాడు సేఠ్. గనీ నేల చూపులు చూస్తూ, లేదని చెప్పడానికి నోట్లో మాట వెతుక్కుంటున్నాడు. ఈలోగా లోపలి తెర వెనకనుంచి జైతూన్ గొంతు వినిపించింది.

"పదిరోజులాగి రండి సేఠ్‌జీ. కొత్తది ఇస్తాం."

సేఠ్ సంతోషంగా లేచాడు. గనీ లోపలికి వచ్చిన తీరు చూసి గూట్లో పావురాలు లేచిపోయాయి.

"బుద్ధుండే అన్నావా ఆ మాట?"

"ఉండే అన్నాను. మనం ఇవ్వకపోతే బజార్లో కొంటాడు. బజార్లో దొరక్కపోతే ఎవరి ఒంటిమీదదో కొంటాడు. ఆపగలవా?"

"ఎలా ఆపుతాను?"

"ఆపలేనప్పుడు, వాడి చేతికి ఏది అందాలో మనమే చూసుకోవాలి."

ఆవిడ అనుకున్నది ఇది. పెళ్లికూతురి గుడ్డే అద్దాలి, నేలా పువ్వూ అన్నీ కళ్లు చెదిరేలా. అంచు దగ్గర, నల్ల గీత కింద, చీమల వరస ఒకటి పెట్టాలి. ఎర్ర నేల మీద అది నల్లపూసల సరంలా ఉంటుంది. మగవాడెవడైనా బాగుందనే అంటాడు. మా చుట్టుపక్కల ఏ ఆడదీ దాన్ని పెళ్లిపిల్ల దగ్గరికి రానివ్వదు. గనీకి ఇది అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఇంకా భయపడ్డాడు. ముందు అమ్మీకి చెప్పు అన్నాడు.

అతని తల్లి హవాబీ. ఆ ఇంట్లో చీమల వరస అచ్చులు వేరే పెట్టెలో, పాత దుప్పటి చుట్టి ఉండేవి. వాటి పని అమావాస్య ముందు రెండు రోజులే. ఆ పని అయ్యాక బల్ల కడిగి, దానిమీది గోనె మార్చి, అప్పుడే మళ్లీ పెళ్లి గుడ్డ పరిచేవారు. ఈ కట్టుబాటు నడిపించేది హవాబీయే. కోడలు చెప్పిందంతా విని, ఆవిడ తమలపాకు నోట్లో పెట్టుకుంది.

"నలభై ఏళ్లుగా ఆ అచ్చుల్ని పెళ్లి గుడ్డ ఉన్న గదిలోకి రానివ్వలేదు నేను."

"తెలుసమ్మీ."

"ఆ గుడ్డ ఎవరు కట్టుకుంటారే?"

"ఎవరూ కట్టుకోరు. అందుకే."

"ఎవరూ కట్టుకోని గుడ్డ అద్దడం కూడా మన పనేనా?"

"ఇన్నాళ్లూ కాదు. కిందటేడు మనం అద్దింది కూడా ఎవరూ కట్టుకోలేదుగా."

హవాబీ ఆకు ఉమ్మేసి వచ్చింది. అచ్చు తీసుకో, బల్ల మాత్రం ముట్టుకోవద్దు అంది. ఇంట్లో చెయ్యొద్దు, గనీ చెయ్యి పెట్టొద్దు, పాపమేదైనా ఉంటే ఆలోచన ఎవరిదో వాళ్లదే అంది. తన వాటా తాను జాగ్రత్తగా కోసుకోవడం హవాబీకి బాగా తెలుసు.

కాబట్టి మేకల దొడ్డి తలుపు ఊడదీశారు. పెరట్లో ఇటుకల మీద దాన్ని పరిచి, గోనెలు వేసి, గుడ్డ లాగి కట్టారు. అచ్చు వేసే పని ఆడవాళ్లది కాదు మా వీధిలో. ఉతకడం, మరిగించడం, ఎండేయడం, నడుం నొప్పి వచ్చేవన్నీ మావి. అయినా పాతికేళ్లు పక్కన నిలబడి చూసిన చెయ్యి ఊరికే ఉండదు. జైతూన్ ఇనుప నీళ్లతో నలుపు వేసింది. పటిక ముద్దలో కావిమన్ను కలిపి ఎరుపు చోటు వేసింది. చివర చీమల వరస. అచ్చు మీద అరచేతి అంచుతో ఒక్క దెబ్బ, ఎత్తడం, పక్కకు పెట్టడం, మళ్లీ దెబ్బ. గనీ ఒప్పందం ప్రకారం చెయ్యి పెట్టలేదు గాని నోరు ఆపుకోలేకపోయాడు. పక్కకు జరిగింది, సరిగ్గా పెట్టు అంటూ చుట్టూ తిరిగాడు. మేకలు కూడా తిరిగాయి, తలుపు లేదు గనక.

ఆ తలుపు చెక్కలో ఒకచోట కణుపు లేచి ఉంది. అచ్చు దానిమీద పడ్డప్పుడల్లా పువ్వు పక్కన కన్నులాంటి మచ్చ పడింది. గనీ చూసి నెత్తి పట్టుకున్నాడు. ఉండనీ, మిల్లుకు కూడా కొంచెం పని ఉండాలిగా అంది జైతూన్.

గుడ్డను నదిలో జాడించి, కాగులో ఎరుపు పొడితో మరిగించారు. ఆ పొడి మాత్రం జర్మనీ డబ్బాలోది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. కాగులో గుడ్డ తిప్పుతుంటే ఎరుపు లేచింది, ఎరుపు మీద చీమలు నల్లగా తేలాయి. హవాబీ చూడనని లోపల కూర్చుని, కిటికీలోంచి చూసింది.

పదో రోజు ధీరజ్‌లాల్ వచ్చాడు. తాను విప్పగానే అతని మొహం వెలిగింది. ఈ సరం లాంటిది చాలా బాగుంది, ఇది కొత్తది కదా అని అంచు మీద వేలు పెట్టి అడిగాడు. పెళ్లి గుడ్డ మీద ఇదే మొదటిసారి అంది తెర వెనక జైతూన్. అబద్ధం ఆడకూడదని ఆవిడ ముందే నిర్ణయించుకుంది. ఏ అచ్చు ముందు పడుతుంది, ఎన్ని రంగులు, పన్నా ఎంత, ఇంకెవరికైనా చూపించారా, అన్నీ అడిగాడు. కాగితం మీద రాసుకున్నాడు. ఎవరు కట్టుకుంటారని అడగలేదు. పోటీ ఏజెంట్లు పసిగడతారని బజార్లో ఒక్క దుకాణదారుకు కూడా చూపించకుండా పెట్లో పెట్టి తాళం వేసుకుని రైలెక్కాడు.

తర్వాత చలికాలమంతా జైతూన్‌కు ఒకటే భయం. మిల్లు ఆ గుడ్డ వేయదేమోనని కాదు. తల్లి లేని పిల్ల ఎవరైనా ఉంటే, తండ్రి ఒక్కడే బజారుకు వెళ్లి, చవకగా ఉందని కొనేస్తే? ఆ మాట పైకి అనలేదు. అంటే గనీ రైలు వెంట పరిగెత్తేవాడు.

ఆఖాతీజ్ ఇంకో ఇరవై రోజులుందనగా బేళ్లు దిగాయి. బజార్లో మూడు దుకాణాల ముందు మిల్లు గుడ్డ గొడుగుల్లా వేలాడింది. పువ్వు, పువ్వు పక్కన మేకల తలుపు కన్ను, కింద బారులు తీరి చీమలు. ఒక దుకాణదారు ముచ్చటపడి ఒక ముక్క ఇంటికి పట్టుకెళ్లాడు. పెళ్లాం దాన్ని కట్టెతో ఎత్తి వీధిలో పారేసి, అతనికి ఆ పూట అన్నం పెట్టలేదట. ఎందుకో అడిగితే చెప్పలేదు. మరునాడు రబారీ ఆడవాళ్లు పాతిక మంది బజారుకు వచ్చారు. మొదటి దుకాణం ముందు నడక తగ్గింది. రెండో దుకాణం ముందు అందరూ ఓఢ్నీ ముసుగులు మొహం మీదికి లాక్కున్నారు. లోపల ఏడుస్తున్నారో నవ్వుతున్నారో దుకాణదార్లకు తెలియలేదు. మూడో దుకాణం దాటాక నవ్వు బయటపడింది.

అక్కణ్ణుంచి వాళ్లు నేరుగా గనీ ఇంటికి రాలేదు. ముందు ఒక్కతే వచ్చింది. లాసీ, వాళ్లందరిలోకీ పెద్దది, వీధి అంతా కాకీ, అంటే పిన్నీ, అని పిలిచే మనిషి. గుమ్మంలో చెప్పులు కూడా విడవలేదు.

"ఛీపణ్, బయటికి రా. ఆ వరస అచ్చు ఈ తాలూకాలో నీ ఇంట్లో తప్ప లేదు. మా పిల్లల పెళ్లి గుడ్డ మీద దాన్ని పెట్టింది నువ్వేనా?"

"నేనే కాకీ."

"మావాళ్లలో భీమా ఉన్నాడు, పెళ్లాం పోయినవాడు. పొద్దున్నే కూతురి పెళ్లికని ఒక ఘాగ్రాకు సరిపడా కొని చంకలో పెట్టుకుని పోతున్నాడు. నేను ఎదురుపడ్డాను కాబట్టి లాక్కున్నాను. ఎదురుపడకపోతే?"

జైతూన్ చలికాలమంతా ఎవరితోనూ అనని మాట ఈవిడ నోటివెంట వచ్చింది. జైతూన్ గుమ్మం దాటి ఆవిడ ముందుకు వచ్చింది.

"ఎదురుపడకపోతే తప్పు నాదే కాకీ. ఆఖాతీజ్ లోగా ఆ పిల్లకు ఘాగ్రా గుడ్డ నేనద్ది ఇస్తాను. దాని పెళ్లికి నా కానుక."

"ఇవ్వక ఏం చేస్తావు. అసలు ఎందుకు చేశావు? మాకు కళ్లు లేవనుకున్నావా?"

"మీ కళ్లను నమ్ముకునే చేశాను. గుడ్డ చదవడం ఆ సేఠ్‌కు రాదు, మీకు వచ్చు. కిందటేడు కూడా వచ్చు. విరిగిన రేకు మాదేనని తెలిసీ, రంగు నిలవదని తెలిసీ కొన్నారు. చవకని కొన్నారు. ఈసారి చవకైనా కొనలేని గుడ్డ పంపించాను. ఇంకోసారి మా కాగు చల్లారితే మళ్లీ వెలగదు కాకీ. అప్పుడు మీ మనవరాళ్లకు ఏ గుడ్డ దొరుకుతుందో, దాని అంచున ఏం పాకుతుందో, మిల్లువాడి ఇష్టం."

లాసీ కిందటేటి ఘాగ్రా ఉతికిన రోజు ఆ నీళ్లు తాగిన ఒంటె మూతి కూడా ఎర్రబడిందని చివరకు ఒప్పుకుంది. తర్వాత చెప్పులు విడిచి, లోపలికొచ్చి కూర్చుని, ముప్ఫై ఒక్క మంది పెళ్లికూతుళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టింది. భీమా కూతురి పేరు అందరికంటే ముందు చెప్పింది.

ధీరజ్‌లాల్ వచ్చేసరికి ఆఖాతీజ్‌కు వారం ఉంది. దుకాణదార్లు ఒక్క తాను కదలలేదని తంతి కొట్టారట. అతను ఇంటికి వచ్చాడు, ఎవరూ లేరు. అందరూ ఏటి ఒడ్డున ఉన్నారు. ఇసుక మీద గుడ్డలు ఆరేసి ఉన్నాయి, ఎర్రవి, నల్లవి, ముదురు ఆకుపచ్చవి. నాలుగు కాగులు మరుగుతున్నాయి. రబారీ ఆడవాళ్లు తమ గుడ్డ ఎండేదాకా కదలమని ఇసుకలో చతికిలబడి ఉన్నారు. సేఠ్ బూట్లలో ఇసుక నింపుకుంటూ వచ్చి గనీ ముందు నిలబడ్డాడు. గుడ్డలో ఏముందో చెప్పమన్నాడు.

గనీ చేతిలో కట్టె ఉంది. దాన్ని కాగు కిందికి నెట్టి, మా ఆవిణ్ణి అడగండి అన్నాడు. సేఠ్ అటూ ఇటూ చూశాడు. ఇక్కడ తెర లేదు. జైతూన్ ఓఢ్నీ నుదుటిదాకా లాక్కుని, మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి గుడ్డ జాడిస్తోంది. జాడించడం ఆపకుండానే చెప్పింది, ఆ సరం విధవల గుడ్డదని.

సేఠ్ మొహంలో రంగు మొదటి ఉతుకులోనే పోయింది.

"మోసం చేశావు బాయీ. నాకు చెప్పలేదు."

"మీరు అన్నీ అడిగారు సేఠ్‌జీ. ఎవరు కట్టుకుంటారని ఒక్కటే అడగలేదు."

"జోధ్‌పూర్‌లో హాకిం కచేరీలో ఫిర్యాదు చేస్తాను."

"చెయ్యండి. దొంగిలించిన సరుకు బాగాలేదని రాయించండి. హాకిం గారికి కూడా ఇంట్లో బీబీ ఉండే ఉంటుంది, ఆవిడకు ఒక ముక్క చూపించమనండి."

హవాబీ ఒక గట్టు మీద కూర్చుని తమలపాకు చుడుతోంది. ఇంతదాకా ఆవిడ ఈ వ్యవహారంతో తనకేం సంబంధం లేదన్నట్టే ఉంది. ఇప్పుడు తల కూడా ఎత్తకుండా అంది. "మా పెట్టెల్లో నూటయాభై అచ్చులున్నాయి బేటా. ఒక్కొక్కటే తీసుకుపో. ఏది ఎవరిదో మేం కాగితం మీద రాసి పెట్టుకోలేదు."

సేఠ్‌కు అప్పుడు గొంతు మెత్తబడింది. సరే, జరిగింది జరిగింది, ఆ వరస లేకుండా అసలుది ఇవ్వు, కావలసినంత ఇస్తాను, గనీకి బొంబాయిలో పని చూస్తాను అన్నాడు. జైతూన్ నీళ్లలోంచి బయటికి వచ్చి చేతులు తుడుచుకుంది. బొంబాయికి మేం రావడంలేదు అంది. అది గనీని అడిగి చెప్పిన మాట కాదు. గనీ దానికి తల ఊపాడు, ముందే అనుకున్నట్టు.

సేఠ్ ఇసుక మీది గుడ్డల వైపు తిరిగి ఒకదాన్ని చూపించి, ఇది ఎవరిది అన్నాడు. తోటమాలి ఇంటి కోడళ్లది అంది జైతూన్, నిజంగానే. అది? కుమ్మరి వాళ్లది. ఇది? పిల్లల తల్లులది. అన్నీ నిజాలే చెప్పింది. సేఠ్ కళ్లలో ఒక్కటీ నమ్మిన జాడ లేదు.

"నువ్వు చెప్పేది నిజమని ఏమిటి నమ్మకం?"

"నా మాట మీద నమ్మకం లేకపోతే వాళ్లను అడగండి."

రబారీ ఆడవాళ్లు ఓఢ్నీలు సర్దుకుని ముందుకు జరిగారు. సేఠ్ ఎర్ర నేల మీద ఐదు రేకుల పువ్వు ఉన్న గుడ్డను రెండు చేతులా ఎత్తి లాసీకి చూపించాడు. కొత్త అచ్చు, రేకులన్నీ నిండుగా ఉన్నాయి. గనీ ఆ ఏడు అనుకోవడం మాని నిజంగానే చెక్కించాడు.

"అమ్మా, ఇది పెళ్లికూతురిదేనా?"

లాసీ దగ్గరికి వచ్చి, అంచు తిప్పి, వాసన చూసి, ఎంతో విచారంగా తల అడ్డంగా ఊపింది.

"ఇది ఒంటెలకు సేఠ్."

"ఒంటె ఈనినప్పుడు కప్పేది," అంది వెనకనుంచి ఇంకొకావిడ, మాట సాయంగా.

"ఆడ ఒంటె పుడితేనే," అంది మూడో ఆవిడ.

నవ్వు ముందు ఓఢ్నీల కింద మొదలై తర్వాత ఇసుకంతా పాకింది. గనీ కూడా కాగు వైపు తిరిగి భుజాలు ఊపాడు. సేఠ్ గుడ్డను పట్టుకునే ఉన్నాడు. జైతూన్ అతని ముందుకు వచ్చి, నవ్వకుండా, మెల్లగా చెప్పింది.

"వాళ్లు ఆట పట్టిస్తున్నారు. అది నిజంగా పెళ్లికూతురిదే సేఠ్‌జీ. మా ఇంట్లో ఇంతకంటే మంచిది లేదు. తీసుకెళ్లండి, ఊరికే ఇస్తున్నాను."

అతను గుడ్డను తిరగేసి చూశాడు. వెలుగుకు పట్టి చూశాడు. పువ్వులు లెక్కపెట్టాడు, గీతలు లెక్కపెట్టాడు, గీతకూ పువ్వుకూ నడుమ ఏముందో కళ్లు చిట్లించి వెతికాడు. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టినట్టుంది. గుడ్డను మళ్లీ ఇసుక మీద, ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టేసి, స్టేషన్ దారి పట్టాడు. జైతూన్ గుడ్డ పట్టుకుని పది అడుగులు వెంట వెళ్లింది. తీసుకోండి సేఠ్‌జీ, తీసుకోండి అంటూనే ఉంది. అతను వెనక్కి చూడలేదు.

లాసీ ఆ గుడ్డను ఆవిడ చేతిలోంచి తీసుకుని, ఇసుక దులిపి, భీమా కూతురి ఎత్తు తనలో తాను కొలుచుకుంది. చాలదు, ఇంకో మూడు గజాలు కావాలి, అదీ ఈ ఎండ పోకముందే అని గనీ మీద కేకేసింది. గనీ అప్పటికే కాగు కిందికి ఇంకో మొద్దు తోస్తున్నాడు.